లియో ఫెండరు జీవితము

మన బోరబండకు ఫిల్మ్‌నగరును జూబిలీహిల్సును ఎంతో దూరమున లేవు. తెలుగు చలనచిత్రములకు ఆ ప్రాంతము నిలయమగుటచే, సంగీతముచే జీవింపగోరు యువకులు మన వీధులలో పెక్కుమంది కలరు. వారిలో గిటారు నేర్చినవారికి కొంతకాలమునకు ఆంప్లిఫయరు అను ధ్వనివర్ధక యంత్రము కావలసివచ్చును. అప్పుడు వారికి రెండు విధములైన వాల్వు ఆంప్లిఫయర్లు కానవచ్చును. మొదటిది, లోపలి తీగెలన్నిటిని పనివారు తమ చేతులతో ఒక్కొక్కటిగా కలిపి టంకము పెట్టి చేసినది. రెండవది, అచ్చువేసిన రాగిదారులు గల సర్క్యూటు బోర్డుపై యంత్రసహాయముతో కూర్చినది. మొదటిదాని వెల మిక్కిలి హెచ్చు. రెండవదానికి ఆయుస్సు తక్కువయని పలువురు భయపెట్టుదురు. బాలుడు మొదటిదానిని కోరును. తండ్రి తన జీతమును తలచుకొని నిట్టూర్చును.

ఈ సందేహమును తీర్చుటకు వాదములకంటె ఒక మనుష్యుని జీవితము మేలని మాకు తోచినది. ఈనాడు లోకమందు వెలయు గిటారు ఆంప్లిఫయర్లలో ననేకములకు మూలపురుషుడు లియో ఫెండరు. గిటారు వాయించుట యెన్నడును నేర్వని యీ మనుష్యుడు గిటారు వాయించువారి కందరికిని ఉపకారియైన విధమును మన విద్యార్థులు తెలిసికొనదగును.

క్లారెన్సు లియోనిడాసు ఫెండరు 1909 వ సంవత్సరము ఆగస్టు 10 వ తేదీని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. ఆయన తలిదండ్రులకు అనహైము, ఫుల్లర్టను అను ఊళ్ల నడుమ నారింజతోట యుండెను. ఎనిమిదేండ్ల ప్రాయమున ఒక కంతి కారణముగా బాలుని యెడమకన్ను తీసివేయవలసివచ్చెను. అటుపిమ్మట ఆయన జీవితమంతయు ఒక గాజుకంటితోనే గడచెను. సన్నని తీగెలను, ఆవగింజలవంటి టంకపు చుక్కలను ఏబదియేండ్లకు పైగా పరికించిన పనివాడు ఒంటికంటివాడని తలచినప్పుడు, చిన్న కొరతలను చూపి చదువు మానుకొనువారు సిగ్గుపడవలసియుండును.

ఆయనకు పదుమూడేండ్లు వచ్చినప్పుడు, మోటారుబండ్ల విద్యుత్తుపనుల దుకాణము నడుపుచున్న బంధువొకడు పారవేయదగిన రేడియో భాగములను ఒక పెట్టెలో పెట్టి, ఒక బ్యాటరీతోకూడ ఆయనకు పంపెను. మరుసటి యేడు లియో ఆ దుకాణమునకు పోయి, ఆ బంధువు స్వయముగా కూర్చి దుకాణము ముంగిట పెట్టిన రేడియోను చూచెను. దాని స్పీకరునుండి వెలువడిన గంభీరధ్వని బాలుని హృదయమున నాటుకొనెను. ఇంటికి వచ్చినది మొదలు ఆయన ఇరుగుపొరుగువారి రేడియోలను బాగుచేయుచుండెను. ఒరులకు చెత్తయైనది ఆయనకు పాఠశాల యయ్యెను.

1928 లో ఆయన ఫుల్లర్టను ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, ఆ యూరి జూనియరు కళాశాలలో చేరెను. అచ్చట చదివినది విద్యుచ్ఛాస్త్రము కాదు. పద్దులు వ్రాయు గణక విద్య. రేడియో విద్యను ఆయన యే కళాశాలయందును అభ్యసింపలేదు. చదువు ముగిసిన పిదప మంచుగడ్డల కంపెనీలో సరకు చేరవేయు పని చేసి, తరువాత అచ్చటనే లెక్కలు వ్రాసెను. 1934 లో ఎస్తేరు అను కన్యను వివాహమాడెను. రహదారుల శాఖలో గణకుడుగాను, పిమ్మట టైర్ల కంపెనీలో గణకుడుగాను పనిచేసెను. అవి అమెరికా అంతటను ఉద్యోగములు పోవుచున్న దుర్దినములు. ఆరునెలలు గడచిన పిదప టైర్ల కంపెనీలోని ఉద్యోగమును పోయెను.

1938 లో ఆయన 600 డాలర్లు అప్పుచేసి, భార్యతో ఫుల్లర్టనుకు మరలివచ్చి, ఫెండర్ రేడియో సర్వీస్ అను దుకాణమును తెరచెను. అచ్చట రేడియోలను బాగుచేయుటయు, గ్రామఫోను రికార్డులు అమ్ముటయు, సభలకు ధ్వనివర్ధకములు అద్దెకిచ్చుటయు జరుగుచుండెను. ఊరి గాయకులు, వాదకులు చెడిపోయిన తమ ఆంప్లిఫయర్లను ఆయన బల్లపైకి తెచ్చుచుండిరి. ఏ యతుకు ముందు ఊడును, ఏ తీగె కదలికచే తెగును, ఏ భాగము వేడిమికి మాడును అను సంగతులు ఆయనకు కరతలామలకములయ్యెను. పిమ్మట ఆయన స్వయముగా యంత్రములను తయారుచేయునప్పుడు ఈ యనుభవమే ఆయనకు గురువయ్యెను. ఆయన మొదట మరమ్మతు చేయువాడు, తరువాతనే నిర్మాత. ఈ మాటను చదువరులు మనస్సున నుంచుకొందురుగాక. ఈ కథ యంతయు దానిపైననే నిలిచియున్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయనకు డాక్ కాఫ్‌మను అను వాదకునితో స్నేహము కలిగెను. వారిరువురును కలిసి ఒడిలో పెట్టుకొని వాయించు ఉక్కుగిటారులను, వానితోపాటు చిన్న ఆంప్లిఫయర్లను చేసి 1945 లో అమ్మిరి. పగలు రేడియోలు బాగుచేయుట, రాత్రులు వాద్యములు చేయుటగా దినములు గడచెను. వ్యాపారమందలి కష్టనష్టములకు వెరచి కాఫ్‌మను 1946 లో విరమించుకొనగా, లియో ఒంటరిగా ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీని నెలకొల్పెను.

ఇచ్చట వాల్వు పనిచేయు విధమును కొంచెము చెప్పెదము. మన తాతల కాలపు రేడియోలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజుబుడ్లే వాల్వులు. మన దేశమందు బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఒకప్పుడు వానిని చేయుచుండెను. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో ఒక లోహపు గొట్టమును కాచినచో దానినుండి ఎలక్ట్రానులు వెలువడి ఎదుటి పలకకు పరుగిడును. నడుమ జల్లెడవంటి తీగె యొకటి యుండును. గిటారునుండి వచ్చిన స్వల్పమైన విద్యుత్తు ఈ జల్లెడను చేరి, కాలువ తూము నీటిని అదుపుచేయునట్లు ఆ గొప్ప ప్రవాహమును అదుపుచేయును. అందుచే సన్నని స్వరము బలముగా వినవచ్చును. వాల్వును దాని శక్తికి మించి పనిచేయించినప్పుడు స్వరము తటాలున విరుగక, క్రమముగా గరుకుదేరి నిండుతనము పొందును. ఈ గుణము కొఱకే ట్రాన్సిస్టర్లు వచ్చినను గిటారు వాదకులు వాల్వును విడువకున్నారు. అయితే వాల్వుకు మిక్కిలి వేడిమియు, పెద్ద యంత్రములలో 400 వోల్టులకు మించిన విద్యుత్తును కావలెను. కావున దానిని మోయు నిర్మాణము గట్టిదిగా నుండక తప్పదు.

ఆ నిర్మాణమును ఫెండరు చేసిన రీతి సులభమైనది. నారతో చేసిన దళసరి నల్లయట్టకు వరుసగా రంధ్రములు చేసి వానికి ఇత్తడి కన్నులు బిగింపించెను. రెసిస్టర్లు, కండెన్సర్లు మొదలగు చిన్న భాగముల కాళ్లను ఆ కన్నులలో దూర్చి టంకము పెట్టుదురు. అచ్చటనుండి గుడ్డ తొడుగుగల తీగెలు వాల్వుల పీటలకును, మీటలకును పోవును. వాల్వుల పీటలు అట్టపై నుండక, లోహపు చట్రమునకే మరలతో బిగింపబడియుండును. కావున వాల్వుల వేడిమియు, వానిని మార్చునప్పటి త్రోపును ఇనుమే భరించును, అతుకులపై బడదు. ఏ వాల్వు ఎచ్చట నుండవలయునో తెలుపు కాగితమొకటి పెట్టె లోపల అంటించియుండును. వెనుకపలక విప్పినచో ఏ యూరి రేడియో పనివాడైనను దానిని చదివి బాగుచేయగలడు.

ఈ తీగెల పనిని చేసినవారిలో స్త్రీలు పెక్కుమంది. చాల ఆంప్లిఫయర్ల లోపల ఒక చిన్న టేపుముక్కపై, దానిని కూర్చిన పనికత్తె తన పేరును వ్రాసియుంచెడిది. అరువదేండ్ల తరువాత ఆ పెట్టెలను తెరచినవారికి ఆ పేర్లు నేటికిని కానవచ్చుచున్నవి. యజమాని పేరు పెట్టెకు వెలుపల మెరయుచుండగా, పనిచేసినవారి పేరు లోపల చీకటిలో నిలిచియుండుట గమనింపదగిన విషయము.

అప్పటి ఫెండరు ఆంప్లిఫయర్లలో విద్యార్థులకై చేసిన చాంప్ మొదలు పెద్ద సభలకు చాలు ట్విన్ వరకు పలు తరగతు లుండెను. 1952 లో వచ్చిన బాస్‌మన్ మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. ఇంగ్లండులో జిమ్ మార్షల్ అను దుకాణదారుడును ఆయన పనివారును ఈ బాస్‌మన్ నమూనానే చూచి 1962 లో తమ మొదటి ఆంప్లిఫయరును చేసిరి. ఈలోగా ఫెండరు 1951 నాటికి టెలికాస్టరు అను గట్టికొయ్య గిటారును, ఆ యేడే ప్రెసిషను బేసు గిటారును, 1954 లో స్ట్రాటోకాస్టరును వెలువరించెను. వాని మెడను జిగురుతో నతికింపక మరలతో బిగించుటచే, చెడినచో విప్పి మార్చుకొన వీలయ్యెను. క్రొత్త వాద్యమును చేసినప్పుడెల్ల ఆయన దానిని వాదకుల కిచ్చి, వారు చెప్పిన లోపములను చెవియొగ్గి విని, మరల బల్లయొద్దకు పోయి దిద్దుచుండెను. తనకు వాయించుట రాదన్న యెఱుక ఆయనను వినువానిగా చేసినది.

ఆరోగ్యము చెడుటచే 1965 జనవరిలో ఆయన తన కంపెనీని సి. బి. యస్. అను గొప్ప ప్రసారసంస్థకు 130 లక్షల డాలర్లకు అమ్మివేసెను. ఆ తరువాతి సంగతి మన ప్రశ్నకు మిక్కిలి అవసరమైనది. క్రొత్త యజమానులు 1966 లో వాల్వులు లేని ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లను వెలువరించిరి. అవి వాదకుల మెప్పు పొందక కొలది యేండ్లలోనే ఆగిపోయెను. వాల్వు ఆంప్లిఫయర్లను మాత్రము వారు మునుపటివలెనే అట్టమీద చేతిపనితో చేయించుచుండిరి. అయినను కొన్ని సర్క్యూటులను మార్చుటచేతను, తొందరపాటుచే తీగెల పనియందు శ్రద్ధ తగ్గుటచేతను, 1968 తరువాతి వానిని వాదకులు పాతవానితో సమానముగా నెంచలేదు. చేతిపని యన్న పేరు మాత్రమే మేలును కలిగింపదని దీనివలన తెలియుచున్నది. చేనేత యన్నంతమాత్రమున ప్రతి చీరయు మంచిది కాదు గదా. నూలును నేతయు చూడవలయును.

ఇక సర్క్యూటు బోర్డు మాట. దీనిని కనిపెట్టినవారిలో ముఖ్యుడు వియన్నానగరమున పుట్టిన పాల్ ఐస్లరు. ఆయన ఇంగ్లండుకు వలసపోయి, 1936 ప్రాంతమున అచ్చుపనివారి పద్ధతిని అనుసరించి, రాగిరేకుపై దారులను నిలిపి మిగిలిన రాగిని కరగించివేయు ఉపాయమును కల్పించెను. యుద్ధకాలమున సైన్యములు దీనిని వాడుకొనెను. తరువాత ఇది రేడియోలకును గిటారు ఆంప్లిఫయర్లకును వచ్చెను. మార్షల్ కంపెనీవారు 1970 ల నడిమి కాలమున చేతిపనిని విడిచి బోర్డులకు మారిరి. ఫెండరు కంపెనీయు పిమ్మట అదే త్రోవ పట్టెను. నేడు ఆ కంపెనీ రెండు విధములైన ఆంప్లిఫయర్లను అమ్ముచున్నది.

బోర్డునందు గుణములు లేకపోలేదు. వేయి యంత్రములు చేసినను భాగములన్నియు ఒకే చోటున నుండును, తీగె తప్పుగా కలుపుట జరుగదు, పని త్వరగా ముగియును, వెల తగ్గును. పేదవాని బిడ్డకు వాల్వు ఆంప్లిఫయరు అందుబాటులోనికి వచ్చినదన్న అది బోర్డు చలువయే. చేతిపనికిని దోషములు కలవు. ఫెండరు వాడిన నారయట్ట యేండ్లు గడచినకొలది గాలిలోని తేమను పీల్చి, విద్యుత్తును పోరాని దారులలో పోనిచ్చును. అప్పుడు స్పీకరునుండి చిటపటధ్వనులు వెలువడును. మన వానకాలమునందు ఇది తలచుకొనదగిన విషయము. నేటి చేతిపనివారు పెక్కురు ఆ యట్టకు బదులు తేమ పీల్చని పలకలను వాడుచున్నారు.

అయినచో బోర్డుపై వచ్చిన అపకీర్తికి కారణమేమి? వెల తగ్గింపవలెనను ఆశతో కొందరు తయారీదారులు వాల్వుల పీటలను, గిటారు తీగె గ్రుచ్చు రంధ్రములను, మీటలను సహితము బోర్డుకే అతికించిరి. వాల్వుల వేడిమి దినదినము బోర్డును కాల్చి నల్లపరచును. తీగె లాగినప్పుడెల్ల అతుకు కదలును. బాగుచేయుటకు టంకమును కరగించినచో పలుచని రాగిదారి పలకనుండి లేచిపోవును. ఒక చిన్న భాగమును మార్చుటకు బోర్డంతయు ఊడదీయవలసివచ్చును. ఇది బోర్డు తప్పు కాదు. బాగుచేయువానిని తలపక గీసిన పటము తప్పు. దళసరి పలకపై వెడల్పైన రాగిదారులతో, పీటలను చట్రమునకు బిగించి, తీగెలతో బోర్డుకు కలిపిన యంత్రములు పెక్కేండ్లు చెక్కుచెదరక పనిచేయుచున్నవి.

ఫెండరు స్వయముగా ఈ విషయమున మొండిపట్టు గలవాడు కాడు. 1975 లో ఆయన మ్యూజిక్ మాన్ అను సంస్థకు అధ్యక్షుడయ్యెను. ఆ సంస్థవారి ఆంప్లిఫయర్లలో ముందుభాగమున ట్రాన్సిస్టరు జాతి పరికరములు, చివరిభాగమున వాల్వులు, వానిని కలుపుటకు సర్క్యూటు బోర్డులు నుండెను. పాతదానిని పూజించుట ఆయన స్వభావము కాదు. 1979 లో భార్య ఎస్తేరు మరణించెను. మరుసటి యేడు ఆయన ఫిల్లిసు అను నామెను వివాహమాడెను. ఆ కాలముననే పాత స్నేహితులతో జి అండ్ ఎల్ అను వాద్యముల కంపెనీని స్థాపించి, కంపము అను వ్యాధి దేహమును క్రుంగదీయుచున్నను బల్లయొద్దకు పోవుట మానలేదు. 1991 మార్చి 21 వ తేదీని ఫుల్లర్టనులో ఆయన కాలధర్మము నొందెను. మరుసటి యేడు రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున ఆయన పేరు చేర్చిరి.

ఇట్టి జీవితమునుండి మన యువకులును వారి తలిదండ్రులును గ్రహింపదగిన దేమి? ఫిల్మ్‌నగరు స్టూడియోలో గాని, పెండ్లిపందిట గాని గిటారు వాయించువానికి ఆంప్లిఫయరు విలాసవస్తువు కాదు. అది వానికి నాగలి వంటిది. అది నడుమ మూగవోయినచో ఆనాటి కూలి పోవును. మరల పిలుపు రాకపోవచ్చును. కావున కొనువాడు చేతిపనియా, బోర్డా యని అడుగుటకు ముందు, ఇది చెడినప్పుడు ఎవరు తెరువగలరు, ఎంత సులభముగా తెరువగలరు అని అడుగవలెను. తెలిసిన పనివానిని వెంటబెట్టుకొనిపోయి, వాల్వుల పీటలు దేనికి బిగించియున్నవో చూపింపవలెను. సర్క్యూటు పటము దొరకునా యని విచారింపవలెను. అందలి వాల్వులును కండెన్సర్లును కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల లభించునా, లేక దూరదేశమునుండి తెప్పింపవలెనా యని తెలిసికొనవలెను. స్వరమును నిర్ణయించుటలో తీగెలు కలిపిన విధముకంటె ట్రాన్స్‌ఫార్మరును, స్పీకరును, సర్క్యూటు పటమును ప్రధానములు. కావున చెవితో విననిదే కొనరాదు. పైన పటారము లోన లొటారము అను సామెత ఈ సరకునకు చక్కగా తగును.

మరి రెండు హెచ్చరికలు. అమెరికాలో ఇంటివిద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. అచ్చట వాడినదానిని తెచ్చి తిన్నగా గోడకు తగిలించినచో క్షణములో కాలిపోవును. రెండవది ప్రాణమునకు సంబంధించినది. వాల్వు ఆంప్లిఫయరులోని కండెన్సర్లు, విద్యుత్తును ఆపివేసిన పిదపను ప్రాణాపాయకరమగు విద్యుత్తును నిలువయుంచుకొనగలవు. కావున విద్యార్థులు కుతూహలముచే దానిని విప్పరాదు. నేర్చినవాని చెంతనే నేర్వవలెను. నేర్చుకొను బాలునికి పెద్ద యంత్రమక్కరలేదు. ఫెండరు విద్యార్థులకై చేసిన చాంప్ శక్తి సుమారు 5 వాట్లు మాత్రమే; ఒక గదికి అది చాలును. చక్కగా చేసిన చిన్న బోర్డు ఆంప్లిఫయరును కొని, మిగిలిన సొమ్మును గురువునకును తీగెలకును వెచ్చించిన తండ్రి తన బిడ్డకు లోపము చేసినవాడు కాడు. శక్తిగలవాడు మంచి చేతిపనిని కొని, దానిని తన కుమారుని కాలమువరకు వాడుకొనుటయు తగినదే.

మా యభిప్రాయమున ఫెండరు గొప్పతనము ఆయన వాడిన అట్టలో లేదు, ఇత్తడి కన్నులలో లేదు. తాను చేసిన వస్తువు ఒకనాడు చెడునని ముందుగానే ఒప్పుకొని, దానిని బాగుచేయబోవు ముఖమెఱుగని పనివానికి త్రోవ సులభము చేసి యుంచుటలో నున్నది. మన బాలురలో రేపు ఇంజనీర్లగువారును, మెకానిక్కులగువారును, వాదకులగువారును కలరు. వారు ఏ పని చేసినను తమ తరువాత దానిని తెరచువాడు తమ్ము దీవించునట్లు చేయుదురుగాక.